మౌనం మీరు చూసుకోండి

జూన్ 8

అత్తా,

ఫోనులో చెబుదామనుకున్నాను. కానీ ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా. ఉత్తరమైతే మధ్యలో అడ్డు తగలలేవు, అందుకని రాస్తున్నాను.

ముందు యూనివర్సిటీలో మా విభాగం గురించి. ఇక్కడ మేం చదివేది మతం. చదవడమంటే నువ్వనుకునే చదవడం కాదు. దేవుడున్నాడా లేడా అన్నది మాకు అక్కర్లేదు. ఉన్నాడనేవాళ్లు ఎలా మాట్లాడతారు, వినేవాళ్లు ఎక్కడ మెత్తబడతారు, ఎందుకు మెత్తబడతారు, ఇదీ మా పని. నా పక్క గదిలో ఒకాయన ఏళ్ల తరబడి ఒకే ఒక ప్రార్థన మీద పుస్తకం రాస్తున్నాడు. ఆ ప్రార్థన ఆయనకు నోటికి రాదు. అడిగితే, నోటికి వస్తే పరిశీలనకు అడ్డం అన్నాడు.

ఇక అసలు సంగతి. వచ్చే ఏడాదికి ఇక్కడ ఒక్కటే ఫెలోషిప్ ఉంది. అది రాకపోతే నేను తిరిగొచ్చి నాన్న టైర్ల కొట్టులో కూర్చోవాలి. కొట్టుకు నా పేరు కూడా కలిపి బోర్డు రాయిస్తానని ఆయన ఇప్పటికే బెదిరిస్తున్నాడు. పరిశోధనకు నేనిచ్చిన అంశాన్ని ఆచార్యులవారు తిప్పి పంపారు. ఇదంతా పుస్తకాల్లోదే, నీ చెవులతో విన్నదేదమ్మా అన్నారు. నా చెవులతో నేను విన్నది నిన్నే. గురువారం గురువారం మీ మందిరంలో నువ్వు ప్రసంగిస్తుంటే బెంచీ కింద పడుకుని వినేదాన్ని, లేదా నిద్రపోయేదాన్ని.

కాబట్టి నీ ప్రసంగాలు నాకు కావాలి. చిన్న రికార్డరు పంపుతున్నాను. పెద్ద బొత్తాం నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది. తర్వాత దాని సంగతి మరిచిపో. దానికోసం మాట్లాడకు, ఎప్పటిలాగే మాట్లాడు.

నీ
వసపిట్ట


జూన్ 21

వసపిట్టా,

పెట్టె అందింది. దాని సంగతి మరిచిపొమ్మన్నావు కనక మరిచిపోయాను. మంచి చీర కట్టుకున్నాను, అంతే.

నా మాటల మీద నువ్వు పరిశోధన చేస్తున్నావని ఇంటింటికీ చెప్పలేదు. ఒకరిద్దరికి చెప్పాను, ఆ ఒకరిద్దరూ చెప్పారు. మీ నాన్న మాత్రం, అక్క మాటలు ఊరికే వినలేక చస్తుంటే వాటికి డబ్బులిచ్చే చోటు కూడా ఉందా అన్నాడట. తమ్ముడు కనక వదిలేశాను.

నీ పుస్తకంలో ఒక మాట తప్పకుండా రాయి. ఈ మందిరంలో ఆడది లేచి నిలబడి ప్రసంగించడం నాతోనే మొదలు. ఈమధ్య దీన్ని అందరూ మరిచిపోతున్నారు. ముఖ్యంగా మా అధ్యక్షుడు, అదే, సిమెంటాయన. పైకప్పు ఆయన వేయించాడు కనక దేవుడు కూడా ఆయన నీడలోనే ఉన్నాడని ఆయన నమ్మకం. ఆయనకో అల్లుడున్నాడు. ఉద్యోగం లేదు, గొంతు ఉంది. అందుకని నేను కనిపించినప్పుడల్లా ఆయన, అమ్మా మీరు అలిసిపోతున్నారు అంటాడు. నేనెక్కడా అలిసిపోలేదు. ఎదురింటి వాళ్లతో తగవు పడ్డా అలిసిపోను.

నీకు చెబితే నవ్వుతావేమో. మీ మామయ్య పోయాక ఇంట్లో నా మాట వినేది గోడలే. వారమంతా కూడబెట్టుకుని గురువారం సాయంత్రం మాట్లాడతాను. అది కూడా పోతే నేను బతికున్నానో లేదో ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలి.

నాలుగు వారాలవి పంపుతాను. మొదటి వారం దగ్గు వచ్చింది. అది రాయకు.

ఆశీస్సులతో
అత్త


ఆగస్టు 3

అత్తా,

గెలిచాం.

నీ రికార్డులో రొద ఎక్కువగా ఉంటే మా సౌండు ఇంజనీరు దాన్నంతా కడిగి ఇచ్చాడు. కడిగాక వింటే నాకు ఒళ్లు జలదరించింది. అత్తా, నువ్వు ఆగుతావు. మాట మధ్యలో, ఒక్కోసారి వాక్యం మధ్యలో, హఠాత్తుగా ఆగిపోతావు. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి మెల్లగా ఆడవాళ్ల గుసగుస లేస్తుంది, అలలాగా. తర్వాత మళ్లీ నువ్వు, ఆపిన చోటి నుంచే, ఏమీ జరగనట్టు. చిన్నప్పుడు నేనిది ఎందుకు గమనించలేదో. బెంచీ కింద నుంచి మౌనం వినపడదేమో.

దాని మీద పత్రం రాసి చదివాను. ‘ఆగిన మాట: ఒక ప్రార్థనా మందిరంలో మౌనం చేసే పని’. నువ్వు మాటను ఆపి దైవానికి చోటిస్తున్నావని, శ్రోతలు గుసగుసతో ఆ చోటును నింపుతున్నారని, ఇది వక్త లేని ప్రసంగమని వాదించాను. ఆచార్యులవారు లేచి నిలబడ్డారు. ఆయన మామూలుగా భోజనానికి తప్ప లేవరు.

ఇంకా వినాలి. మౌనం మీద పెద్ద పండితురాలు ఒకావిడ పరదేశం నుంచి మా దగ్గరకు వచ్చి ఉంది. మౌనం గురించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుతుంది. నిన్ను చూడాలంటోంది. సెప్టెంబరులో ఒక గురువారం మీ మందిరానికి వస్తుంది. ఆవిడకు నచ్చితే ఫెలోషిప్ నాదే.

పత్రం నకలు పెడుతున్నాను. గర్వపడు.

నీ
వసపిట్ట


ఆగస్టు 14

వసపిట్టా,

పత్రం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎవరి గురించో అర్థం కాలేదు. రెండోసారి నా గురించేనని తెలిసి మంచినీళ్లు తాగాను.

నేను ఆగేది దేవుడికి చోటివ్వడానికి కాదే పిల్లా. పక్కన పిండిమర ఉంది. నువ్వు వెళ్లిన ఏడాదే పెట్టారు, నీకు రాశాను కూడా. పుస్తకాలు చదువుతావు కానీ అత్త ఉత్తరాలు చదవవు. మర ఎత్తుకుందంటే నా మాట నాకే వినపడదు, గోడలు కూడా వణుకుతాయి. అందుకని ఆగుతాను. మర ఆగాక మొదలుపెడతాను. ఇక ఆడవాళ్ల గుసగుస అన్నావే, అది దైవచింతన కాదు. నీ గోధుమలు ముందా, నా జొన్నలు ముందా అని. మీ ఇంజనీరు కడిగిన రొదే ఆ మర.

నాకు కోపం వచ్చింది దేనికంటే, నాలుగు వారాలు గొంతు చించుకుని ఓర్పు గురించి చెప్పాను, క్షమ గురించి చెప్పాను. నీ పత్రంలో నా మాట ఒక్కటీ లేదు. నేను నోరు మూసుకున్నదే ఉంది. ఇంతకంటే మీ నాన్న నయం, వినలేక చస్తున్నానని మొహం మీదే చెబుతాడు.

అయినా, ఒకటి అడుగుతాను. నిజంగా నేను ఆగితే అంత బాగుంటుందా? ఊరికే అడుగుతున్నాను. పోయిన గురువారం మర ఆడనప్పుడు కూడా ఒకచోట ఆగి చూశాను. ముందు వరసలో ఒకావిడ లేచి వచ్చి నా నుదురు పట్టుకుని చూసింది.

సిమెంటాయనకు పత్రం మొత్తం చదివి వినిపించాను, కుళ్లుకోవాలని. చాలా శ్రద్ధగా విన్నాడు. నకలు అడిగి తీసుకున్నాడు.

అత్త


ఆగస్టు 20

అత్తా,

నీ కాళ్లు పట్టుకుంటాను, మర సంగతి ఎవరితోనూ అనకు.

నేను తప్పు చేశాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఇప్పుడు చెబితే ఫెలోషిప్ పక్క గదిలో ప్రార్థన రాని ఆయనకు పోతుంది. ఆవిడ వచ్చే గురువారం ఒక్క సాయంత్రం మరాయన్ని మర ఆపమని అడుగు. నువ్వు మామూలుగా మాట్లాడు, నాలుగైదు చోట్ల ఆగు. ఎలాగూ ఆగి చూస్తున్నావు కదా. ఫెలోషిప్ చేతికి రాగానే నేనే సవరించి రాస్తాను, మరను కూడా పెడతాను. పరిశోధనలో సవరణ తప్పు కాదు, మర్యాద.

ఇది అబద్ధం కాదత్తా. ఒక సాయంత్రం మర ఆడలేదు, అంతే.

నీ
వసపిట్ట


సెప్టెంబరు 16

వసపిట్టా,

అనుకున్నంతా అయింది, అనుకోనిది కూడా అయింది.

మరాయన నా మాట కాదనలేక ఆ సాయంత్రం మర ఆపాడు. మీ మౌనం ఆవిడ వచ్చింది. మంచి మనిషి. మన భాష వచ్చు, కాకపోతే పాత గ్రంథాల్లోది వచ్చు. తమరి మౌనమునకు ప్రణమిల్లుచున్నాను అంది. దాహంగా ఉందా అంటే స్వల్పముగా అంది. నాకు నవ్వు ఆగక చెంగు అడ్డం పెట్టుకుంటే అది కూడా రాసుకుంది.

మందిరంలో జనం లేరు. నిండుగా ఉండే చోట ముందు వరస కూడా నిండలేదు. ఏమైందని అడిగితే తెలిసింది. ఆడవాళ్లు మర దగ్గర డబ్బాలు పెట్టి, పిండి పట్టేదాకా మా మందిరంలో ఫ్యాను కింద కూర్చుంటారు. మర లేదంటే వాళ్లు రారు. మర వచ్చిన ఏడాదే జనం పెరిగారు. నేనేమో నా మాట పదునెక్కిందనుకుని మురిసిపోయాను. నువ్వు నా మౌనాన్ని చూసి మోసపోయావు, నేను నా మాటను చూసుకుని మోసపోయాను. మన రక్తంలోనే ఏదో ఉంది.

మీ మౌనం ఆవిడ మాత్రం ఆ ఖాళీ బెంచీలు చూసి మరీ కరిగిపోయింది. ఖాళీ కూడా ఒక శ్రోతయే కదా అంది. నేను ఎక్కడెక్కడ ఆగాలో మరిచిపోయి అన్నిచోట్లా ఆగాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఇక వినాల్సింది విను. ఆవిడ వెళ్లిన మర్నాడే సిమెంటాయన కమిటీని పిలిచాడు. నీ పత్రం చేతిలో పట్టుకుని, అక్కడక్కడా గీతలు గీసుకుని వచ్చాడు. అమ్మగారి గొప్పతనం మాటలో లేదు, మౌనంలో ఉందని పెద్ద పెద్ద చదువులవాళ్లు తేల్చారు, సొంత మేనకోడలే రాసింది అన్నాడు. అంతటితో ఆగక నావైపు తిరిగి, చేతులు జోడించి అన్నాడు, “మాట మా అల్లుడు చూసుకుంటాడమ్మా. మౌనం మీరు చూసుకోండి.”

అందరూ తలలూపారు. ఒకరిద్దరు నన్ను అభినందించారు కూడా. ఇప్పుడు గురువారం నాకు వేదిక మీద దిండు వేసిన కుర్చీ వేస్తున్నారు. అల్లుడు పుస్తకం చూసి చదువుతాడు. మర ఎత్తుకున్నా ఆగడు, చదువుకుంటూ పోతాడు. పెదాలు కదులుతుంటాయి, అంతే. నేను పక్కన బొమ్మలా కూర్చుంటాను. ఇంటికి వచ్చి ఎవరితో మాట్లాడాలో తెలియక నిన్న కుక్కర్‌ను తిట్టాను.

నా నోరు నువ్వే మూయించావు. నువ్వే వచ్చి తెరిపించు. మందిరంలో, అందరి ముందు, నువ్వు రాసింది తప్పని చెప్పు. ఫెలోషిప్ సంగతి నాకు తెలియదు.

అత్త


సెప్టెంబరు 29

అత్తా,

నీ ఉత్తరం చదివాక నాకు ఇక్కడ కూర్చోబుద్ధి కాలేదు. నిన్న సదస్సులో లేచి అంతా చెప్పేశాను. అది మౌనం కాదు, పిండిమర అన్నాను. గుసగుస జొన్నల గురించి అన్నాను. మరను నేనే ఆపించానని కూడా అన్నాను. చెప్పి, పెట్టె సర్దుకోవడానికి గదికి వెళ్దామని తలుపు దాకా వెళ్లాను.

ఆచార్యులవారు వెనక్కి పిలిచారు. ఇది అద్భుతం అన్నారు. చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవడం వక్తృత్వంలో చాలా పాత పద్ధతట, ఇంత నిజాయితీగా ఎవరూ వాడలేదట. కాదండీ నేను నిజంగానే వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. అదే కదా అందం అన్నారు. మౌనం ఆవిడ వాళ్ల దేశం నుంచి కబురు పంపింది, మర అంటే యంత్రానికీ దైవానికీ నడుమ సంభాషణయట, తర్వాతి పుస్తకం దాని మీదేనట. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనేవాళ్లు ఉంటారని విన్నాను కానీ, ఎద్దు ఈనలేదని చెబితే దూడకు పేరు పెట్టేవాళ్లను ఇక్కడే చూశాను.

ఫెలోషిప్ నాకే ఇచ్చారు. తప్పని చెప్పినందుకు ఇచ్చారు. తీసుకున్నాను. సిగ్గుగా ఉంది, టైర్ల కొట్టు గుర్తొస్తే సిగ్గు కొంచెం తగ్గుతోంది.

వచ్చే గురువారం వస్తున్నాను. మీ మందిరంలో అయినా తప్పంటే తప్పనే అనుకుంటారని ఆశ.

నీ
వసపిట్ట


అక్టోబరు 18

వసపిట్టా,

నువ్వు వచ్చావు, మాట్లాడావు, నా మొహం చూడకుండా బస్సెక్కావు. నువ్వు ఎలా మాట్లాడావో నీకు తెలియదు. నేను చెబుతాను, నేనూ కాస్త పరిశోధన నేర్చుకున్నాను.

ముందు నిన్ను నువ్వు తిట్టుకున్నావు. జనం మెత్తబడ్డారు. తర్వాత జొన్నల మాట చెప్పి నవ్వించావు. నవ్వుతున్నవాళ్లను పట్టుకుని హఠాత్తుగా, మా అత్త నోరు నేను మూయించాను అన్నావు. అక్కడ నువ్వు ఆగావు. మర కూడా ఆ సమయానికి ఆగి ఉంది. ముందు వరసలో ఒక్కరి కళ్లూ పొడిగా లేవు. నేను ఇన్నేళ్లుగా క్షమ గురించి చెబుతున్నాను, నువ్వు ఒక్కసారి అడిగావు, వాళ్లకు నాకంటే నీ దగ్గరే బాగా అర్థమైంది.

సిమెంటాయన వేదిక మీదకు వచ్చి, నాకు అల్లుడూ వద్దు ఎవరూ వద్దు, ఇక మీదట ఈ అమ్మాయే ప్రసంగించాలి అన్నాడు కదా. అప్పుడు నాకేమైందో నీకు తెలియాలి. నువ్వు ఒప్పుకుంటావేమోనని నాకు గుండె జారింది. ఒళ్లో పెట్టుకుని పెంచిన పిల్ల మీద అసూయ పడ్డాను. దిండు కుర్చీలో కూర్చుని మరీ పడ్డాను.

నువ్వు అన్నావు, “నాకు దేవుడి మీద నమ్మకం లేదండీ. ఎప్పుడూ లేదు.” అని దిగి వెళ్లిపోయావు.

ఆ తర్వాత జరిగింది నువ్వు చూడలేదు. ఎవరికీ ఊపిరాడలేదు. మీ మౌనం ఆవిడ ఉండుంటే పండగ చేసుకునేది, అసలైన మౌనం అదే. సిమెంటాయన ముచ్చెమటలు పట్టి, అమ్మా మీరే ఏదో ఒకటి మాట్లాడండి అని నా చేతికి మైకు ఇచ్చాడు. లేచాను. మర ఎత్తుకుంది. ఆగలేదు. మర మీద నుంచి మాట్లాడాను. ఏం మాట్లాడానో వినపడలేదు కానీ ఎవరూ లేచి వెళ్లలేదు. బయట డబ్బాలు నిండి ఉన్నా వెళ్లలేదు.

కిందటి గురువారం పూర్తి ప్రసంగం నాదే. నీ గురించే చెప్పాను. పేరు చెప్పలేదు, మా ఇంటి పిల్ల అన్నాను, అందరికీ తెలుసు. తెలివి ఎక్కువై దారి తప్పినవాళ్ల గురించి గంటసేపు చెప్పాను. పిండితో పని లేనివాళ్లు కూడా వచ్చారు. మరాయన తనే మర కట్టేసి వచ్చి నిలబడ్డాడు. ఈ వారం కూడా నువ్వే. ఏమీ అనుకోకు, జనం బాగా వింటున్నారు. నువ్వు నన్ను చదివి ఫెలోషిప్ తెచ్చుకున్నావు, నేను నిన్ను చెప్పి కుర్చీ నిలబెట్టుకుంటున్నాను. దిండు తీయించేశాను.

ఇదంతా వేదిక మీద. ఇంటికి వస్తే ఆ ఒక్క మాటే గుచ్చుతోంది. లేదన్నావు, పోనీ. ఎప్పుడూ లేదన్నావు. అయితే చిన్నప్పుడు నా పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నదెవరు?

ఆ మాట నాకు మళ్లీ మైకు ఇప్పించడానికి అన్నావా, నిజంగా అన్నావా? ఇది నాకు తెలియాలి. నాకోసమే అన్నదైతే ఈ ఉత్తరానికి జవాబు రాయకు, అర్థం చేసుకుంటాను, ఇంకెప్పుడూ అడగను. నిజమైతే రాయి. రాయకపోతే బాగుండునని ఉంది. అయినా రాయి.

అత్త


అక్టోబరు 27

అత్తా,

రాయమన్నావు కనక రాస్తున్నాను. వారం రోజులుగా రాయకుండా ఉండగలనేమోనని చూశాను. రాయకపోతే నువ్వు సంతోషిస్తావు, ఆ సంతోషాన్ని నేను కడిగిన రికార్డులా జీవితాంతం వినాలి. అది నాతో కాదు.

కళ్లు మూసుకున్నది నేనే. నువ్వు మూసుకున్నావని మూసుకున్నాను. తెరిచి చూస్తే నువ్వు ఇంకా మూసుకునే ఉండేదానివి. అప్పుడు నీ మొహం చాలా బాగుండేది. నేను చూసింది అదొక్కటే, దాని కోసమే మళ్లీ మళ్లీ మూసుకున్నాను.

గురువారం బస్సుకు వస్తున్నాను. వెనక బెంచీలో కూర్చుంటాను. నా గురించి ఏం చెప్పదలుచుకున్నావో అదంతా నా ఎదురుగానే చెప్పు, తగ్గించకు. రికార్డరు తీసుకురావడం లేదు. నువ్వు ముగించేదాకా లేచి వెళ్లను.

నీ
వసపిట్ట